మీ మెయిల్ సర్వర్ ఐపీకి ఐఎస్‌పీ చేత పేరు పెట్టించుకోవడం ఎలా

2024 ఏప్రిల్. జీడిపిక్కల సీజన్ మంచి ఊపులో ఉంది. మా షావుకారు గారు ఫోన్ చేత్తో పట్టుకునే నా టేబుల్ దగ్గరికొచ్చారు. "అమ్మా, పొద్దున మనం పంపిన రేట్లు హైదరాబాద్ పార్టీకి అందలేదట. మన దగ్గర సరుకు లేదనుకుని వేరేవాళ్ల దగ్గర కొనేశాడు." డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 రకాల జీడిపప్పు రేట్ల షీటు అది. నా సెంట్ ఫోల్డర్లో బుద్ధిగా కూర్చుని ఉంది. ఇన్‌బాక్స్ కిందకి జరిపి చూస్తే తిరిగొచ్చిన మెయిళ్లు పదకొండు. అన్నీ జీమెయిల్ వాడే పార్టీలవే. అన్నింట్లోనూ ఒకటే నంబరు: 550-5.7.25.

ఆ నంబరు చూసి తల పట్టుకున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

దాని అర్థం ఇది: మెయిల్ పంపిన ఐపీ అడ్రసుకు (ఇంటర్నెట్‌లో దాని నంబరుకు) పీటీఆర్ రికార్డు, అంటే ఆ ఐపీ పేరేమిటో చెప్పే రికార్డు, లేదు, లేదా ఆ రికార్డులో ఉన్న పేరును వెతికితే మళ్లీ అదే ఐపీ రావడం లేదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ నియమం అందరికీ పెట్టింది. రోజుకు 5,000 మెయిళ్లు పంపేవాళ్లకు అదనపు నియమాలు ఇంకా ఉన్నాయి కానీ, ఇది మాత్రం రోజుకు పది పంపేవాళ్లకూ తప్పదు. మేం సరిగ్గా అంతకు ముందు వారమే పాత లైను తీసేసి కొత్త ఫైబర్ లైను, దాంతోపాటు కొత్త స్టాటిక్ ఐపీ (మారని ఐపీ) తీసుకున్నాం. పాత ఐపీకి ఎవరో ఎప్పుడో పేరు పెట్టించి వెళ్లారు. ఆ సంగతి నాకు తెలీదు. నేను ఈ ఆఫీసుకి ట్యాలీ చూడటానికి వచ్చిన మనిషిని, సర్వర్ తర్వాత నెత్తిన పడింది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, సర్కారు కాగితాలు ఒడియా. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు ఇక్కడి జమీందారీలో కొంత అటు, కొంత ఇటు అయింది. కాబట్టి మనం ఏమనుకున్నా, పేరు ఎవరి రికార్డులో ఎక్కిందన్నదే లెక్క అని మా ఊరివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రివర్స్ డీఎన్‌ఎస్‌దీ, అంటే ఐపీ నుంచి పేరు వెతికే పద్ధతిదీ, ఇదే తంతు. పేరు నుంచి ఐపీకి దారి చూపే 'ఏ' రికార్డు (ఇంగ్లీషు అక్షరం A) మీ డొమైన్‌లో ఉంటుంది, మీరే రాసుకోవచ్చు. ఐపీ నుంచి పేరుకి దారి చూపే పీటీఆర్ మాత్రం ఆ ఐపీ బ్లాకు (ఐపీల గుంపు) ఎవరి ఖాతాలో ఉందో వాళ్ల జోన్‌లో (రికార్డుల పట్టీలో) ఉంటుంది. మీరు డొమైన్ కొన్న చోట పీటీఆర్ పెట్టే గడి కనిపించినా అక్కడ రాసింది ఎవరూ చూడరు. నేను మొదటి రోజంతా ఆ గడిలోనే రాసి, చెరిపి, రాసి కూర్చున్నాను.

ఐఎస్‌పీకి, అంటే ఇంటర్నెట్ లైను ఇచ్చే కంపెనీకి, ఫోన్ చేయకముందు ఇంట్లో సర్దుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇక్కడ మా అసలు పేర్లు, నంబర్లు వేయను. ఐపీ 203.0.113.25 అనుకోండి (ఈ శ్రేణిని ఉదాహరణల కోసమే విడిగా ఉంచారు). సర్వర్ పేరు మెయిల్.మాకంపెనీ.ఇన్ అనుకోండి. కమాండ్లు నేను తెలుగులో రాసినా మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

మొదట, మీకు ఇచ్చింది నిజంగా పబ్లిక్ ఐపీయేనా చూడండి. రౌటర్లో వ్యాన్ (బయటి లైను) పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రసు గానీ, 10తో మొదలయ్యేది గానీ కనిపిస్తే మీరు పదిమందితో కలిసి ఒకే ఐపీ వెనక ఉన్నట్టు. దానికి మీ పేరు పెట్టమని అడిగి లాభం లేదు, ముందు స్టాటిక్ ఐపీ కొనాలి. తర్వాత, 'ఏ' రికార్డు పెట్టండి: మెయిల్.మాకంపెనీ.ఇన్ అంటే 203.0.113.25 అని. డొమైన్ రికార్డులకు క్లౌడ్‌ఫ్లేర్ వాడేవాళ్లయితే ఆ రికార్డు పక్కన నారింజ రంగు మబ్బును నొక్కి బూడిద రంగు చేయండి. లేకపోతే పేరు మీ ఐపీకి కాకుండా వాళ్ల ఐపీకి పోతుంది. ఆఖరుకి, సర్వర్ ఎదుటివాడికి నమస్కారం పెట్టేటప్పుడు చెప్పే పేరు, అంటే హెలో పేరు, కూడా అదే ఉండాలి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాంలో మైహోస్ట్‌నేమ్ అనే లైను అది. మా సర్వర్ లోకల్‌హోస్ట్ అని చెప్పుకుంటూ తిరుగుతోంది పాపం.

ఇదంతా ముందే ఎందుకంటే, అవతల పని తెలిసిన ఇంజనీరు ఉంటే పీటీఆర్ పెట్టే ముందు 'ఏ' రికార్డు సరిపోయిందా అని చూస్తాడు. సరిపోకపోతే టికెట్ తిప్పి పంపుతాడు, మీకు ఇంకో రెండు రోజులు పోతాయి.

ఇప్పుడు ఎవరిని అడగాలి? దారి తప్పేది ఇక్కడే. నేను లైను వేసిన అబ్బాయికి ఫోన్ చేశాను. పాతపట్నం వైపు కుర్రాడు, ఏ టైములో పిలిచినా బండేసుకుని వచ్చేస్తాడు. "తమ్ముడూ, రివర్స్ డీఎన్‌ఎస్ పెట్టించాలి" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. "రివర్సంటే ఏటక్కా? ఫైబరు తిరగేసి పెట్టీనామా?" అన్నాడు. అన్నట్టుగానే సాయంత్రం వచ్చి, కనెక్టరు తీసి, తుడిచి, మళ్లీ పెట్టి వెళ్లాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు, అతని పని స్తంభం దగ్గర ఆగిపోతుంది. కస్టమర్ కేర్‌లో ఎత్తినాయన ఒడియాలో రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నాడు. చేశాను కూడా, కాదంటే టికెట్ రాయడేమోనని.

కాబట్టి ఫోన్ పక్కన పెట్టి, జోన్ ఎవరి చేతిలో ఉందో మీరే కనుక్కోండి. ఐదు నిమిషాల పని. టెర్మినల్లో (కమాండ్లు కొట్టే కిటికీలో) డిగ్ -ఎక్స్ 203.0.113.25 అని కొట్టండి. పీటీఆర్ లేకపోతే జవాబు ఉండదు కానీ, కింద అథారిటీ సెక్షన్ అనే చోట ఎస్‌ఓఏ (జోన్ ఎవరిదో చెప్పేది) అని ఒక లైను వస్తుంది. చాలామంది ఎన్‌ఎక్స్‌డొమైన్ (అలాంటి పేరు లేదు) అన్న మాట చూసి కిటికీ మూసేస్తారు. అసలు సమాచారమంతా ఆ ఒక్క లైనులోనే ఉంది.

ఆ లైను మొదట్లో జోన్ పేరు ఉంటుంది. 113.0.203.ఇన్-యాడర్.ఆర్పా అని మీ ఐపీలోని మొదటి మూడు అంకెలు తిరగేసి కనిపిస్తే, ఆ 256 అడ్రసుల రివర్స్ జోన్ ఎవరో నడుపుతున్నట్టు. పక్కనే నేమ్ సర్వర్ (జోన్ ఉన్న సర్వర్) పేరు, దాని పక్కన ఒక చుక్కల పేరు ఉంటాయి. ఆ చుక్కల పేరులో మొదటి చుక్క తీసి అక్కడ ఎట్ గుర్తు పెడితే అది ఆ జోన్ చూసేవాళ్ల ఈమెయిల్! హోస్ట్‌మాస్టర్.ఫలానా.ఇన్ అని ఉంటే హోస్ట్‌మాస్టర్ ఎట్ ఫలానా.ఇన్ అన్నమాట. కస్టమర్ కేర్‌కి పది ఫోన్లు చేసేకన్నా ఇది మేలు.

జోన్ పేరు ఉత్త 203.ఇన్-యాడర్.ఆర్పా అని మాత్రమే వస్తే కథ వేరు. అది ఏపీనిక్ జోన్, అంటే ఆసియా పసిఫిక్ మొత్తానికి ఐపీలు పంచే రిజిస్ట్రీది. మీ ఐఎస్‌పీ ఆ బ్లాకు తీసుకుంది గానీ రివర్స్ జోన్ తన నేమ్ సర్వర్లకు రాయించుకోలేదన్నమాట. అప్పుడు పీటీఆర్ పెట్టండి అని అడిగితే సరిపోదు. ముందు రిజిస్ట్రీ దగ్గర డెలిగేషన్ చేయించండి, తర్వాత పీటీఆర్ పెట్టండి అని రెండూ రాయాలి. మన దేశంలో 2012 నుంచి నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్) కింద ఉన్న ఐఆర్ఐఎన్ఎన్ అనే రిజిస్ట్రీ కూడా ఐపీలు ఇస్తోంది. అక్కడ తీసుకున్నవాళ్లు ఆ పని అక్కడే చేయించుకోవాలి.

తర్వాత హూయిజ్, అంటే ఐపీ బ్లాకు ఎవరి పేరున ఉందో చూపే జాబితా, చూడండి. మాకు అసలు ముడి అక్కడే పడింది. మాకు బిల్లు ఇచ్చే కంపెనీ పేరు ఒకటి, హూయిజ్‌లో ఆ బ్లాకు యజమాని పేరు ఇంకొకటి. మా ఐఎస్‌పీ చిన్నది, పెద్ద కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్‌తో పాటు ఐపీలూ అద్దెకు తెచ్చి మాకిస్తోంది. నేను తెలివి చూపించి ఆ పెద్ద కంపెనీకే నేరుగా మెయిల్ పెట్టాను. వాళ్లు మర్యాదగానే, మీరు మా కస్టమర్ కాదు, మీ ఐఎస్‌పీ అడిగితే చేస్తాం అని జవాబిచ్చారు. న్యాయమే కదా. దారిన పోయేవాళ్లు అడిగితే పేర్లు మార్చేస్తుంటే రేపు నా ఐపీకి ఇంకెవరో పేరు పెట్టించుకుంటారు. అయితే ఆ జవాబు నాకు బాగా పనికొచ్చింది. దాన్నే జతచేసి మా ఐఎస్‌పీ నాక్‌కు పంపాను, ఇక 'ఇది మా చేతిలో లేదు' అనే మాట రాకుండా.

నాక్ అంటే నెట్‌వర్క్ ఆపరేషన్ సెంటర్. హూయిజ్‌లో టెక్-సీ అనే లైను వెంట వెళ్తే వాళ్ల మెయిల్ దొరుకుతుంది. అబ్యూజ్ మెయిల్‌బాక్స్‌కు రాయకండి, అది స్పామ్ ఫిర్యాదుల చెత్తబుట్ట. కస్టమర్ కేర్‌లో టికెట్ కూడా తీసుకోండి. ఆ పని వాళ్లు చేయలేరు, కానీ టికెట్ నంబరు లేకుండా నాక్‌లో ఎవరూ కదలరు.

ఇక ఉత్తరం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. అయినా టికెట్ మాత్రం ఇంజనీరు వాడుక భాషలోనే రాయాలి. మా రేట్లు అందట్లేదు, వ్యాపారం పోతోంది, సీజన్ అయిపోతోంది అని మొదట నేను రాసిన రెండు పేరాలకు జవాబే రాలేదు. తర్వాత రాసింది ఇది (పంపింది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను):

విషయం: 203.0.113.25కు పీటీఆర్ రికార్డు, సర్క్యూట్ ఐడీ ఫలానా, టికెట్ నంబరు ఫలానా
దయచేసి ఈ ఒక్క లైను చేర్చగలరు.
జోన్: 113.0.203.ఇన్-యాడర్.ఆర్పా
రికార్డు: 25 ఇన్ పీటీఆర్ మెయిల్.మాకంపెనీ.ఇన్. (చివరి చుక్కతో సహా)
ఈ పేరుకు 'ఏ' రికార్డు ఇప్పటికే 203.0.113.25కు ఉంది, సరిచూసుకోగలరు.
ఈ ఐపీకి పాత పీటీఆర్ ఏదైనా ఉంటే తీసేయగలరు. ఒక్కటే ఉండాలి.
ఈ జోన్ ప్రస్తుతం ఫలానా నేమ్ సర్వర్లలో ఉంది. ఐపీ బ్లాకు యజమాని జవాబు జతచేశాను.

అంతే. చదివినవాడు ఆలోచించాల్సింది ఏమీ మిగలకూడదు. కాపీ చేసి, అతికించి, సేవ్ చేసి టీ తాగడానికి వెళ్లిపోగలగాలి. మెయిల్ మీ కంపెనీలో ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల అడ్రసు నుంచే వెళ్లాలి, లేకపోతే కేవైసీ పేరు చెప్పి ఆపుతారు. మా మెయిళ్లు వెళ్లట్లేదు కదా, మరి ఎలా అంటారా? షావుకారు గారి సొంత జీమెయిల్ ఆ లైనుకు రిజిస్టరై ఉంది, దాన్నుంచి పంపాం.

మూడో రోజు 'రిజాల్వ్‌డ్' అని ఎస్‌ఎంఎస్ వచ్చింది. దాన్ని నమ్మకండి. చూస్తే ఏమీ మారలేదు. అడిగితే, వాళ్ల డొమైన్‌లో మా పేరుతో ఒక 'ఏ' రికార్డు పెట్టారట. మళ్లీ టికెట్ తెరిపించాను. ఈసారి పీటీఆర్ వచ్చింది గానీ డిగ్ ఇచ్చిన జవాబు ఇలా ఉంది:

మెయిల్.మాకంపెనీ.ఇన్.113.0.203.ఇన్-యాడర్.ఆర్పా.

గుర్తుపట్టారా? చివరి చుక్క పెట్టలేదు. జోన్ ఫైల్లో చుక్కతో ముగియని పేరు కనిపిస్తే సర్వర్ దాన్ని సగం పేరనుకుని జోన్ పేరును తోక కట్టేస్తుంది. ఇది చూసి ముందు నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ ఒక్క చుక్క గురించి ఇంకో టికెట్, ఇంకో రెండు రోజులు. ఉత్తరంలో చుక్క సంగతి బ్రాకెట్లో రాసినా ఇలా జరిగింది, రాయకపోతే ఏమయ్యేదో.

చుక్క పెట్టాక ఇంకో విచిత్రం: ఒకసారి అడిగితే పేరు వస్తోంది, ఇంకోసారి అడిగితే పాత తోక పేరే వస్తోంది. డిగ్ ఎన్‌ఎస్ 113.0.203.ఇన్-యాడర్.ఆర్పా అని కొడితే ఆ జోన్ నేమ్ సర్వర్లు రెండూ కనిపించాయి. రెండింటినీ విడివిడిగా అడిగాను (డిగ్ తర్వాత ఎట్ గుర్తు, నేమ్ సర్వర్ పేరు, ఆ తర్వాత -ఎక్స్, ఐపీ). మొదటిది కొత్తది చెప్తోంది, రెండోది పాతది. జోన్ మార్చినవాళ్లు సీరియల్ నంబరు పెంచడం మర్చిపోయారు. నంబరు పెరిగితేనే రెండో సర్వర్ కొత్త కాపీ తెచ్చుకుంటుంది. రెండింటినీ ఎస్‌ఓఏ అడిగితే వచ్చిన సీరియల్ ఒకటే ఉందని స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఈసారి గంటలో సరిచేశారు. ఇంజనీరుకు 'పని చేయట్లేదు' అని చెప్పడం వేరు, ఎక్కడ పని చేయట్లేదో చూపించడం వేరు అని నాకు ఆ రోజు తెలిసింది.

సరైందో లేదో చూడటానికి మూడు మెట్లు. డిగ్ -ఎక్స్‌తో ఐపీ నుంచి పేరు రావాలి. ఆ పేరును మళ్లీ డిగ్ చేస్తే అదే ఐపీ రావాలి. మీ ఆఫీసు డీఎన్‌ఎస్‌నే కాకుండా గూగుల్ 8.8.8.8ను, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1ను కూడా అడిగి చూడండి, ఎందుకంటే 'లేదు' అనే జవాబును కూడా సర్వర్లు కొన్ని గంటలు గుర్తుపెట్టుకుంటాయి. అన్నిటికన్నా ఖాయమైంది: మీ సర్వర్ నుంచి మీ జీమెయిల్‌కే ఒక మెయిల్ పంపి, మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ నొక్కండి. రిసీవ్డ్ అనే లైనులో ఫ్రమ్ తర్వాత ఒక పేరు, దాని పక్కన బ్రాకెట్లో ఇంకో పేరు, ఐపీ ఉంటాయి. మొదటిది మీ సర్వర్ తానే చెప్పుకున్న హెలో పేరు. బ్రాకెట్లోది గూగుల్ తనంతట తాను వెతికి కనుక్కున్న పేరు. రెండూ ఒకటైతే పని అయినట్టే. బ్రాకెట్లో ఉత్త ఐపీ మాత్రమే ఉంటే ఇంకా కాలేదు.

ఆ చివరి పరీక్షలోనే నా సొంత తప్పు బయటపడింది. పీటీఆర్ అంతా బాగున్నా సగం మెయిళ్లు ఇంకా తిరిగొస్తున్నాయి. తిరిగొచ్చిన దాంట్లో గూగుల్ చూపిన ఐపీ మా ఫైబర్ లైనుది కానే కాదు! ఫైబర్ తెగితే ఆగకూడదని రౌటర్లో రెండో లైను కూడా పెట్టుకున్నాం, రౌటర్ రెండింటికీ సమానంగా పంచుతోంది. ఒక మెయిల్ ఇటు, ఒక మెయిల్ అటు. మెయిల్ సర్వర్ నుంచి 25 పోర్టులో వెళ్లేదంతా ఫైబర్ లైనులోనే వెళ్లాలని ఒక రూలు రాసి సరిచేశాను. లైను తెగితే మెయిల్ క్యూలో ఆగుతుంది, లైను వచ్చాక వెళ్తుంది. మీకూ రెండు లైన్లు ఉంటే ఇది మొదటి రోజే చూసుకోండి. నేను ఐఎస్‌పీని అనవసరంగా తిట్టుకున్న రోజుల్లో ఒకటి పూర్తిగా దీని ఖాతాలోదే.

ఐపీవీ6 (కొత్త రకం, పొడవాటి ఐపీ) గురించి ఒక మాట. కొత్త లైన్లలో అదీ వచ్చేస్తోంది, సర్వర్ మీకు చెప్పకుండా దానిమీదుగానే జీమెయిల్‌కు వెళ్తుంది. దానికి రివర్స్ పేరు లేకపోతే అదే 5.7.25 తప్పు. దాని పీటీఆర్ పేరులో 32 అంకెలు తిరగేసి రాయాలి, చుక్కే పెట్టనివాళ్ల చేత ఆ 32 రాయించే ఓపిక నాకు లేదు. పోస్ట్‌ఫిక్స్‌లో ఐనెట్_ప్రోటోకాల్స్ లైనును ఐపీవీ4 అని మార్చేశాను.

ఎనిమిది ఐపీల బ్లాకు తీసుకున్నవాళ్లకు ఎవరైనా ఆర్‌ఎఫ్‌సీ 2317 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రం గురించి చెప్పవచ్చు. 1998 నాటి పద్ధతి, ఐఎస్‌పీ తన జోన్‌లో సీనేమ్‌లు (ఇంకో పేరుకు మళ్లించే రికార్డులు) పెట్టి మీ భాగం మీ నేమ్ సర్వర్‌కే అప్పగించేస్తుంది. ఆ తర్వాత ఎవరినీ అడగక్కర్లేదు, మీరే రాసుకోవచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ ఒక్క పీటీఆర్ లైను పెట్టడానికి మూడు టికెట్లు తీసుకున్నవాళ్ల చేత అది చేయించాలని నేనైతే అనుకోను. వాడేది ఒకటి రెండు ఐపీలైతే నేరుగా పీటీఆర్ పెట్టించుకోవడమే మేలు.

పేరు ఎలాంటిదన్నదీ చూస్తారు. కొందరు ఐఎస్‌పీలు అడగకుండానే స్టాటిక్-203-0-113-25 అంటూ ఐపీనే పేరుగా పెట్టి ఉంచుతారు. పీటీఆర్ ఉన్నట్టే, తిరిగి అదే ఐపీకి వస్తుంది కూడా. కానీ చాలా స్పామ్ ఫిల్టర్లు అలాంటి పేరు చూస్తే ఇదేదో ఇంటి కనెక్షన్ అనుకుంటాయి. మీ డొమైన్ పేరే పెట్టించండి. పనిలో పనిగా స్పామ్‌హౌస్ పీబీఎల్ అనే, మెయిల్ అడ్డుకోవడానికి వాడే జాబితాలో మీ ఐపీ ఉందేమో వెతకండి. ఇళ్లకు ఇచ్చే శ్రేణులను అందులో పెడుతుంటారు, ఆ శ్రేణిలోంచి మీకు స్టాటిక్ ఇచ్చి ఉంటే పీటీఆర్ సరిగ్గా ఉన్నా కొన్ని చోట్ల తలుపు మూసే ఉంటుంది. పీటీఆర్ పెట్టాక తీసేయమని అక్కడే అడగవచ్చు.

ఎంత చేసినా మీ ఐఎస్‌పీ చేయనంటే పోట్లాడి సీజన్ పోగొట్టుకోకండి. ఏదైనా డేటా సెంటర్లో చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకుని బయటికెళ్లే మెయిళ్లు దాని మీదుగా పంపండి. చాలాచోట్ల పీటీఆర్ వాళ్ల ప్యానెల్లోనే మీరే రాసుకోవచ్చు. అమెజాన్ లాంటి చోట 25 పోర్టు తెరవమని ఫారం నింపి అడగాలి. మెయిల్‌బాక్సులు మీ ఆఫీసులోనే ఉంటాయి, ఎస్‌పీఎఫ్ రికార్డులో (మీ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపవచ్చో చెప్పేది) ఆ వీపీఎస్ ఐపీ చేర్చడం మాత్రం మరవకండి. సీజన్ ఆఖరు వారమైతే నేనూ ఇదే చేసేదాన్ని.

మళ్లీ లైను మార్చే రోజు వస్తే పర్చేజ్ ఆర్డర్లోనే 'ప్రతి స్టాటిక్ ఐపీకి మేం చెప్పిన పీటీఆర్ ఒకటి' అని రాయించండి. డబ్బు కట్టేముందు సేల్స్ ఆయన దేనికైనా సరే అంటాడు, అప్పుడే కాగితం మీద పెట్టించుకోవాలి. కొత్త ఐపీకి పేరు వచ్చిందని డిగ్‌లో చూశాకే పాత లైను తీయించండి.

మా సర్వర్లో ఇప్పుడు రోజూ పొద్దున ఏడింటికి ఒక చిన్న స్క్రిప్ట్ డిగ్ చేసి, పేరు మారితే నా ఫోన్‌కు ఎస్‌ఎంఎస్ పంపుతుంది. గత దసరా ముందు ఒకసారి పంపింది. ఐఎస్‌పీ వాళ్లు నేమ్ సర్వర్ మార్చి పాత జోన్ ఫైల్ ఎక్కించారు, మళ్లీ ఆ తోక పేరే. ఈసారి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయలేదు. రాక్ తలుపు లోపల ఒక కాగితం అంటించి ఉంచాను: సర్క్యూట్ ఐడీ, నాక్ మెయిల్, రెండు నేమ్ సర్వర్ల పేర్లు, పాత టికెట్ నంబర్లు, కింద ఎర్ర పెన్నుతో పెద్ద చుక్క. అది చూసి మెయిల్ పెట్టాను, మధ్యాహ్నం భోజనానికి లేచేలోగా సరైంది.